పావుగంట చేప

పావుగంటలో రాత్రి భోజనం తయారవుతుందని కనిపెట్టినవాడికి ఊరూరా ఆడవాళ్ళు శిలావిగ్రహం పెట్టించాలి. విరాళాలు పోగుచేసే పని నేను చూసుకుంటాను. మదనపల్లెలో ఒకటి, పుంగనూరు బస్సులు ఆగేచోట ఒకటి పెట్టిస్తే చాలదు. హార్స్లీ కొండ మీద కూడా ఒకటి ఉండాలి. చల్లగాలి కోసం అక్కడికి వచ్చే దొరసానులు దాని పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటారు.

నవ్వకండి! నేను ఎగతాళికి రాయడం లేదు.

యుద్ధం వల్ల మనకేం మిగిలిందని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. రేషన్ బియ్యం మిగిలిందంటారు కొందరు. కిరసనాయిలు కోసం క్యూ మిగిలిందంటారు ఇంకొందరు. అవి కనబడతాయి కానీ పావుగంట భోజనం మాత్రం ఎవరికీ కనబడదు. అది కూడా యుద్ధం ఇచ్చిందే! మా ఇంటికి ఎలా వచ్చిందో చెబుతాను.

మా ఆయన మదనపల్లె కోర్టులో ప్లీడరు. కిందటేడు ఏదో పని మీద బెంగుళూరు వెళ్ళారు. అక్కడ సోల్జర్లు తినగా మిగిలిన టిన్నులు రోడ్డు పక్కన పోసి అమ్ముతుంటే ఒకటి కొనుక్కొచ్చారు. దాని మీద నీళ్ళలోంచి ఎగురుతున్న చేప బొమ్మ ఉంది. పేరు సామన్ అట. మంచు కురిసే దేశాల నదుల్లో ఉంటుందట. ఎంత ప్రవాహం ఉన్నా ఎదురు ఈదుతుందే కానీ వెనక్కి తిరగదట.

"మన కక్షిదార్ల మాదిరి," అని ఆయనే వివరించారు.

బొమ్మ కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు అచ్చువేసి ఉన్నాయి. మసాలా పట్టించి వేడి పెనం మీద వేయండి, పావుగంటలో భోజనం సిద్ధం అని. ఆయన వాటిని రెండుసార్లు చదివి వినిపించారు. రెండోసారి చదివినప్పుడు కోర్టులో చదివినట్టు నిలబడి చదివారు.

టిన్ను తెరవడానికి సుత్తి, మేకు, పక్కింటి లాల్ బీ వాళ్ళ కత్తి కావలసి వచ్చాయి. తెరిచి చూస్తే చేప అప్పటికే ఉడికి ఉంది. పొలుసు లేదు, తల లేదు, పేగులు లేవు. ముల్లు కూడా వేళ్ళ మధ్య మెత్తగా నలిగిపోయింది. ఆ మంచు దేశంలో ఎవరో దాన్ని కడిగి, కోసి, ఉప్పు వేసి, ఉడికించి, మూతపెట్టి పంపించారు. నేను చేసిందల్లా లాల్ బీ నేర్పిన మసాలా కొంచెం పూసి, పెనం మీద విరిగిపోకుండా అటూ ఇటూ తిప్పడమే.

మా ఆయన గోడ గడియారం చూశారు. "పావుగంట కూడా పట్టలేదే!" అన్నారు.

ఆయనా, పిల్లలిద్దరూ తిన్నారు. నా వంతు వచ్చేసరికి పెనం మీద ఎర్రటి నూనె, అంటుకుపోయిన మసాలా మిగిలాయి. అందులో సంగటి అద్దుకుని తిన్నాను. అప్పుడే నాకొక కోరిక పుట్టింది. పెనం మీద నుంచి దిగిన చేప ముక్కను దిగినట్టే, వేడివేడిగా, నేను కూర్చుని ఉండగా ఎవరైనా వడ్డిస్తే తినాలని. అంతకంటే ఏమీ లేదు. నగ కాదు, నట్రా కాదు. చదివేవాళ్ళు ఈ కోరికను కాస్త గుర్తుపెట్టుకోవాలని మనవి.

మర్నాడు ఆ ఖాళీ టిన్ను కడిగి మెంతులు పోసుకున్నాను. చేప అయిపోయింది. పావుగంట మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది.

వారం తిరక్కుండానే పెద్దపంజాణి నుంచి చిన్నప్ప వచ్చాడు. పొలం గట్టు తగాదాలో మా ఆయనకు కక్షిదారు. చేతిలో తడిగుడ్డ మూట ఉంది. మూట దానంతట అదే కదులుతోంది.

"అమ్మా, మా సెరువు ఇంకిపోతాండాది. వలేస్తే ఇది పడినాది. అయ్యకని తెచ్చినా."

"ఏం చేపప్పా?"

"కొరమేను. బతికే ఉండాది. సూసి పట్టుకోమ్మా, జారిపోతాది."

మా ఆయన గదిలోంచే కేక వేశారు. "ఈ రాత్రికి చేసెయ్యి! పావుగంట పనే కదా! చిన్నప్పా, నువ్వూ ఉండి తినిపో."

"పావుగంటకు అవతాదా సామీ?" అన్నాడు చిన్నప్ప.

"ఇది కొత్త పద్ధతప్పా. మిలిటరీ పద్ధతి!"

చిన్నప్ప నా వైపు చూశాడు. మూటలోంచి తల బయటపెట్టి కొరమేను కూడా చూసింది. మూటను రెండు చేతులా పట్టుకుని పెరట్లోకి నడిచాను.

తెలివైన పాఠకురాలు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తుంది. ఆ పావుగంట ఎప్పుడు మొదలవుతుంది? మంచి ప్రశ్న! చేప పెనాన్ని తాకినప్పుడు మొదలవుతుంది. అంతకుముందు జరిగేది ఏదీ వంట కాదు.

పెరట్లో గరుకు రాయి మీద బూడిద పోసి, కొరమేనును జిగురు వదిలేదాకా రుద్దడం వంట కాదు. కత్తిపీట మీద ముక్కలు కోస్తూ ఇంకో చేత్తో పిల్లిని అదిలించడం వంట కాదు. పసుపు, ఉప్పు వేసి నీళ్ళు తేటపడేదాకా కడగడం వంట కాదు. ఎండుమిరపకాయలు, ధనియాలు, మిరియాలు, జీలకర్ర విడివిడిగా వేయించి, వెల్లుల్లి చేర్చి, చింతపండు పులుసు చిలకరిస్తూ గంధంలాగా నూరడం వంటెలా అవుతుంది? అది చేతులకు కసరత్తు. తడిసిన కట్టెలు ఊదడం ఊపిరితిత్తులకు కసరత్తు. రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరడం దేశసేవ. నూరిన మసాలా ముక్కలకు దిట్టంగా పట్టించి, అది లోపలికి దిగేదాకా పిల్లికి కాపలా కూర్చోవడమైతే అచ్చంగా విశ్రాంతే!

తిన్న తర్వాత పెనం గీకి తోమడం, నీచు వాసన పోయేదాకా వంటిల్లు కడగడం తర్వాతి రోజు పని. తర్వాతి రోజు పని ఈ రాత్రి లెక్కలోకి ఎందుకు వస్తుంది?

ఈ పద్ధతి వచ్చాక నేనెంత తేలికపడ్డానో చెప్పలేను. పూర్వం నేను రోజంతా పనిచేసే మనిషిని. ఇప్పుడు పావుగంట పనిచేసే మనిషిని! మిగతా టైమంతా ఖాళీయే అని ఇంటా బయటా గుర్తించారు. ఆ ఖాళీ వృథా పోకూడదని మా ఆయన తన నల్లకోటుకు లోపలి అస్తరు మార్చమన్నారు. వరండాలో కూర్చునే కక్షిదార్లకు కాఫీ ఇవ్వమన్నారు. ఎదురింటి పద్మావతి తన ఆడపిల్లలిద్దరినీ పొద్దున్నే జడలకు మా ఇంటికి పంపడం మొదలుపెట్టింది.

"అక్కకు పనేముండాది? పావుగంటకు వంట అయిపోతాదంట!" అని వీధిలో చెబుతుందట. మా ఆయన కోర్టులో చెబుతారు. కోర్టులో చెప్పింది వీధికి రావడానికి ఎంతసేపు?

అతిథుల సంగతిలో కలిగిన మేలు ఇంకా గొప్పది. పూర్వం ఎవరినైనా భోజనానికి పిలవాలంటే ఆయన పొద్దున కోర్టుకు పోయేముందు నాతో చెప్పేవారు. నేను మాట్లాడకుండా గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేదాన్ని. ఆయన నొచ్చుకునేవారు. ఇప్పుడు ఆ నొప్పి ఇద్దరికీ లేదు. పావుగంట పనికి ముందుగా చెప్పేదేముంది? వీధి వాకిట్లో చెప్పులు విడిచే చప్పుడు వింటే ఎంతమందో నాకు తెలిసిపోతుంది. చెవులు చురుకెక్కాయి. ఇది లాభం కాదా?

అతిథుల్లో ముఖ్యులు గోపాలస్వామి గారు. కుప్పంలో ప్లీడరు. మా ఆయనతో కలిసి చదువుకున్నారు. పుంగనూరు మీదుగా బస్సులో దుమ్ము కొట్టుకుని వస్తారు, కాళ్ళు కడుక్కుంటారు, నేరుగా పీట మీద కూర్చుంటారు. మదనపల్లె కోర్టులో ఆయన కేసులకు వాయిదా దొరకని వారం ఉంటుందేమో కానీ చేప దొరకని వారం లేదు.

ఈ చేపకొక ధర్మం ఉంది. పెనం మీద నుంచి దిగగానే తినాలి. చల్లారితే చెప్పు అట్ట! అందుకని ఒక ముక్క వేయడం, అది ఎర్రబడగానే విస్తట్లోకి తీసుకుపోవడం, వెనక్కి వచ్చి ఇంకొకటి వేయడం, ఇదే నా భోజనకాలం. ఒకచోట కూర్చుంటే వచ్చే నడుం నొప్పి నాకు రాలేదంటే అది ఈ చేప చలవే.

మరి నీ కోరిక ఏమైంది? అని గుర్తుపెట్టుకున్నవాళ్ళు అడుగుతారు.

మగవాళ్ళు తినకముందు నేను తింటే ఎంగిలి. రుచి చూడడానికి గోరంత తుంచినా ఎంగిలే. ఉప్పు కూడా వాసన పట్టి వేయాలి. సరే, వాళ్ళు తిన్న తర్వాత తినొచ్చు కదా అంటారా? తినొచ్చు! ఎవరూ వద్దనరు. కాకపోతే అప్పటికి చేప ఉండదు. ముందేమో ధర్మం అడ్డం, తర్వాతేమో ఖాళీ పెనం అడ్డం. ఈ రెండింటి మధ్య నాకంటూ ఒక చోటు కేటాయించారు. పొయ్యి దగ్గర.

ఒకసారి మాత్రం అతి తెలివికి పోయాను. ఒక ముక్కను కాల్చి, గిన్నె బోర్లించి దాని కింద పెట్టాను. నిప్పుల పక్కన పెడితే వేడి నిలుస్తుందని నా లెక్క. వాళ్ళు లేచాక కూర్చుని తినాలని.

"వదినా, ఇంగొగటి ఉండాదా?" అన్నారు గోపాలస్వామి గారు.

"ఉంటాది, ఉంటాది! యాల ఉండదు?" అన్నారు మా ఆయన.

నేను గిన్నె వైపు చూశాను. గోపాలస్వామి గారు నేను చూసిన వైపు చూశారు.

"గిన్నె కింద దాసిపెట్టినావా? నాకోసరమే అని తెలుసులే వదినా! ఈ ఇంట్లో నా మీద ఉండే అభిమానం మా ఇంట్లో గూడా లేదప్పా!"

ఆయన నిజంగా మంచివారు. ముల్లు కూడా చీకి పెట్టారు.

మర్నాడు పెరట్లో పెనం తోముతుంటే గోడ మీదుగా లాల్ బీ తల కనబడింది. లాల్ బీ భర్త బాబు సాహెబ్‌కు బజారులో గాజుల అంగడి ఉంది. మా రెండు ఇళ్ళకూ మధ్య ఉన్నది ఛాతీ ఎత్తు గోడ. దాని మీదుగా చింతపండు, నిప్పులు, ఊళ్ళో సంగతులు అటూ ఇటూ పోతుంటాయి.

"ఏమక్కా, రాత్రి గూడా సేపలేనా? వాసనకు మా కోళ్ళు గోడెక్కతాండాయి."

"నీ మసాలానే లాల్ బీ. నువ్వు నేర్పించిందే."

"బాగుండాదా?"

"తిన్నోళ్ళు బాగుండాదంటారు. నువ్వు చెప్పు, ముక్క వేడిగా తింటే ఎట్లుంటాది?"

లాల్ బీ ఆకు నమలడం ఆపింది. "నాకేం తెలుసక్కా?"

"నేర్పించింది నువ్వే కదా!"

"నేర్పించినా. తింటినని సెప్పినానా? మా అమ్మ నాకు నేర్పించె. ఆయమ్మ గూడా తినిండదు. మా సాయిబు తిని 'బాగుండాది' అంటాడు సూడు, మా ఇంట్లో ఆడోళ్ళకు దాని రుసి అదే!"

ఇద్దరం నవ్వుకున్నాం. కాసేపటికి నవ్వు అయిపోయింది. నేను పెనం తోముతూ అడిగాను.

"వేడి ముక్క ముందు ఎవరికి పోతాది లాల్ బీ?"

"సుట్టానికి."

"అయితే మనం చుట్టాలమైపోతే?"

"యాడికి?"

"నేను మీ ఇంటికి. తర్వాత నువ్వు మా ఇంటికి."

లాల్ బీ గోడ మీద మోచేతులు ఆనించి ఆలోచించింది. "గోడకాడ నిలబడి తింటే సుట్టం కాదక్కా. వీధి వాకిట్లో నుంచి రావాల. సెప్పులిడిసి రావాల. నేను 'రాండి రాండి' అనల్ల. అప్పుడే లెక్క."

మంచి రోజు దానంతట అదే వచ్చింది. కుప్పం గంగమ్మ జాతరకు బాబు సాహెబ్ గాజుల పెట్టెలతో బయలుదేరాడు. మా ఆయన కోర్టు అప్పగించిన ఏదో కమిషన్ పని మీద పుంగనూరు వెళ్ళి, ఆ రాత్రి అక్కడే ఉండిపోతానన్నారు. పిల్లలను పద్మావతి ఇంటికి భోజనానికి పంపాను. అన్ని జడలు వేసినదాన్ని, ఆమె కాదనలేకపోయింది.

పట్టుచీర కట్టుకున్నాను. తలలో పూలు పెట్టుకున్నాను. వీధి తలుపు తాళం వేసి, మా ఇంటి ముందు నుంచి నడిచి, పక్కింటి వాకిట్లో చెప్పులు విడిచాను.

"రాండి రాండి అక్కా!" అంది లాల్ బీ తలుపు తెరుస్తూ. "ఎప్పుడు బయల్దేరితిరి? దోవలో కష్టం లేదు కదా?"

"బస్సులో దుమ్ము," అన్నాను.

"కాళ్ళు కడుక్కోండి. నీళ్ళు పెట్టిండాను."

చాప వేసి ఉంది. కూర్చున్నాను. ఎదురుగా వంటగదిలో లాల్ బీ నాకు వీపు పెట్టి పొయ్యి ముందు ఉంది. పెనం మీద మొదటి ముక్క చెనిక్కాయ నూనెలో చిటపటలాడింది. ఆ చప్పుడు నేను అంత దూరం నుంచి ఎప్పుడూ వినలేదు. దూరం నుంచి వింటే అది పాటలాగా ఉంటుంది!

ముక్క నా విస్తట్లో పడింది. తుంచి నోట్లో పెట్టుకున్నాను. నాలుక చుర్రుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో అక్కా! ఊదుకుని తినల్ల!" అంది లాల్ బీ.

నాకేం తెలుసు? ఇన్నాళ్ళుగా వడ్డించేటప్పుడు "వేడిగా ఉంది, చూసుకోండి" అని అందరికీ చెబుతూనే ఉన్నాను. అంత వేడి అని నాతో ఎవరూ చెప్పలేదు.

రెండో తుంపు ఊదుకుని తిన్నాను. పైన మసాలా కరకరమంది. లోపల ముక్క తెల్లగా, తడిగా, పొరలు పొరలుగా విడిపోయింది. మొదట మిరియాల ఘాటు, దాని వెనకే చింతపండు పులుపు, అన్నిటికీ చివర వెల్లుల్లి. దీనికోసం కుప్పం నుంచి బస్సులో వచ్చే మనిషిని ఇక ఏమీ అనదలచుకోలేదు.

ఒకటి తిన్నాను. ఇంకొకటి వచ్చింది. మధ్యమధ్యలో నేను కబుర్లు చెప్పాను. మంచు దేశాల నదుల గురించి, ఎదురు ఈదే చేప గురించి, బెంగుళూరు టిన్నుల గురించి. లాల్ బీ పొగలోంచి "అట్లనా అక్కా!" అంటూ ఊకొట్టింది. చాప మీద కూర్చుంటే కబుర్లు ఎంత బాగా వస్తాయో! మగవాళ్ళు మాటకారులు ఎందుకయ్యారో నాకు అప్పుడే అర్థమైంది.

"ఇంకొకటి ఉందా లాల్ బీ?"

నేను అడగలేదు. కాలిన నాలుక దానంతట అదే అడిగింది.

 లాల్ బీ చెయ్యి పొయ్యి పక్కకు పోయింది. తర్వాత, "ఉండాదక్కా, యాల ఉండదు?" అంది.

అది కూడా వేడిగానే ఉంది. ముల్లు చీకి పక్కన పెట్టాను. గోడకు ఆనుకున్నాను. కడుపు నిండిన మనిషికి వచ్చే మెచ్చుకోలు మనస్ఫూర్తిగా వచ్చింది.

"ఎంత త్వరగా చేసేశావు లాల్ బీ! పావుగంట కూడా పట్టలేదే!"

లాల్ బీ ఇటు తిరిగింది. చేతిలో ఊదుగొట్టం ఉంది. కళ్ళు పొగకు ఎర్రగా ఉన్నాయి. మోచేతుల దాకా పసుపు, గోళ్ళలో బూడిద. ఆమె పక్కన నిప్పుల దగ్గర ఒక గిన్నె వెల్లకిలా పడి ఉంది. అంతకుముందు అది బోర్లించి ఉండింది.

"నువ్వు గూడానా అక్కా?" అంది.

నేను చెయ్యి కడుక్కోవడానికి లేచాను. ఇంకేం చేయగలను?

ఈ శుక్రవారం లాల్ బీ బురఖా వేసుకుని, వీధి వాకిట్లో నుంచి, మా ఇంటికి చుట్టంగా వస్తోంది. సోమల వైపు నుంచి కొరమేను తెప్పించాను. బూడిద జల్లించి పెట్టాను. ఎన్ని ముక్కలు అడిగితే అన్ని వేస్తాను. నా వంటింట్లో గిన్నెలన్నీ ఇప్పుడే వెల్లకిలా పెట్టాను. ఒక్కటి కూడా బోర్లించలేదు. తిన్నాక ఆమె గోడకు ఆనుకుని ఏమంటుందో నాకు తెలుసు. అననివ్వండి. ఆమె వంతు అది.

కాబట్టి మొదట చెప్పిన మాట మీదే నిలబడుతున్నాను. విగ్రహం పెట్టించాల్సిందే. ఒక్క చిన్న మార్పు. నిలబడినట్టు కాదు, చాప మీద కూర్చున్నట్టు చెక్కించాలి. మా ఆయన మీద నాకిక ఏ ఫిర్యాదూ లేదు. ఆయన ఏనాడూ అబద్ధం చెప్పలేదు. నేను కూర్చుని చూశాను కాబట్టి సాక్ష్యం చెబుతున్నాను. అక్కడి నుంచి చూస్తే అది పావుగంటే.